అడవి కంటే దారే భయం

కెన్యా వెళ్తున్నామని చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు సింహాల సంగతి అడగరు. "అక్కడ దోపిడీలు, తుపాకులు ఎక్కువట కదా, ఎందుకొచ్చిన ప్రయాణం?" అంటారు. ఈ మధ్య తెలుగు ఇళ్ళలో ఈ సంభాషణ కాస్త ఎక్కువగానే జరుగుతున్నట్టుంది. 2025 సెప్టెంబరులో రాజమౌళి దాదాపు 120 మందిని వెంటేసుకుని కెన్యాలో షూటింగ్ చేసొచ్చాక, అప్పటిదాకా జంతువుల ఛానళ్ళలో మాత్రమే వినిపించిన మసాయి మారా, నైవాషా, అంబోసెలి లాంటి పేర్లు మనవాళ్ళ నోళ్ళలో నానాయి. కెన్యాకు వచ్చే విదేశీయుల్లో భారతీయులది మొదటి అయిదారు స్థానాల్లో ఒకటి. కాబట్టి పెద్దవాళ్ళ ప్రశ్నను కొట్టిపారేయకుండా, ఈ నలభై అయిదేళ్ళలో సఫారీల్లో నిజంగా జరిగినవేమిటో వరసగా చూడడం మంచిది.

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. సఫారీ వ్యాపారం గట్టిగా నడిచేది వాటిలో పది పన్నెండింటిలోనే. కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండా ఒక వైపు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే ఇంకో వైపు. ఉగాండాలోని బ్విండికీ దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌కీ మధ్య 2,500 కిలోమీటర్ల పైమాటే. బ్విండి వైపు తుపాకులు పేలాయని క్రూగర్ ప్రయాణం రద్దు చేసుకోవడమంటే, బస్తర్‌లో ఎదురుకాల్పులు జరిగాయని ఊటీ మానుకోవడమే. అయినా పత్రికల్లో, ఫోన్లలో మనకు చేరేది "ఆఫ్రికాలో పర్యాటకుల హత్య" అన్న ఒక్క ముక్కే.

లెక్కలతో మొదలుపెడదామంటే అక్కడా చిక్కే. హత్యల రేటు దేశం మొత్తానికి కడతారు, పార్కులకు విడిగా కట్టరు. దక్షిణాఫ్రికాలో 2023-24లో 27 వేలకు పైగా హత్యలు జరిగాయి. లక్ష జనాభాకు 40కి పైన పడే ఆ రేటు ప్రపంచంలోని అత్యధికాల్లో ఒకటి. ఆ అంకె చూసి ఎవరైనా హడలిపోతారు. కానీ ఆ హత్యలు దేశమంతటా సమానంగా జరగవు. కేప్ టౌన్ అంచున న్యాంగ, డెల్ఫ్ట్, డర్బన్ పక్కన ఇనాండా, ఉమ్లాజీ లాంటి కొన్ని పోలీసు స్టేషన్ల పరిధిలోనే కుప్ప పోసినట్టు ఉంటాయి. చనిపోయేది ఎక్కువగా అక్కడి పేద నల్లజాతి యువకులు. క్రూగర్ పార్కు మన తెలంగాణలో ఆరో వంతు ఉంటుంది, దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. కోవిడ్‌కు ముందు అక్కడికి ఏటా 18 లక్షలకు పైగా జనం వచ్చేవారు. అంతమందిలో హత్యకు గురైన పర్యాటకుడి పేరు ప్రపంచం మొత్తానికీ తెలిసిపోతోందంటే, అలాంటివి ఎంత అరుదో అర్థం చేసుకోవచ్చు.

అయితే ఈ ఊరడింపును పూర్తిగా నమ్మనివ్వని చరిత్ర ఒకటుంది. 1980 జనవరి 3న కెన్యాలోని షాబా అభయారణ్యంలో జాయ్ ఆడమ్సన్ చనిపోయింది. ఎల్సా అనే ఆడసింహాన్ని పెంచి, ఆ కథ రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి. సింహం చంపిందని మొదట వార్త వచ్చింది. ఒంటి మీది గాయాలు పళ్ళవి కావు, పదునైన ఆయుధానివని పోలీసులు తేల్చారు. ఆమె పనిలోంచి తీసేసిన ఒక కుర్రవాడికి శిక్ష పడింది.

1988 సెప్టెంబరులో ఇదే కథ ఇంకా ఘోరంగా నడిచింది. జంతువుల ఫోటోలు తీసుకోవడానికి మసాయి మారాకు వచ్చిన బ్రిటిష్ యువతి కనిపించకుండా పోయింది. ఆమె తండ్రి చిన్న విమానాలు పెట్టి వెతికించాడు. పొదల మధ్య కాలిన శరీర భాగాలు దొరికాయి. అడవి మృగాలు తినేశాయని అధికారులు వాదించారు. అవయవాలు కత్తితో కోసినట్టున్నాయని పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు రాస్తే, ఆయన పై అధికారి ఆ మాటలు మార్చాడన్నది తర్వాత బయటపడింది. ఇద్దరు రేంజర్లను విచారించి 1992లో వదిలేశారు. ఆ తర్వాత పార్కు ముఖ్య వార్డెన్‌నే బోనెక్కించారు, 1999లో అతనూ నిర్దోషిగా బయటికొచ్చాడు. ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు. పర్యాటకం మీద బతికే దేశంలో హత్య కంటే సింహమే ఖజానాకు లాభం. సింహం పేరు చెబితే ఎవరూ ప్రయాణం మానుకోరు, హత్య అంటే బుకింగులు రద్దవుతాయి. అందుకే నేరమే లేదని చెప్పే ప్రభుత్వ ప్రకటనను నేను రెండుసార్లు చదువుతాను.

ఆ దశకం కెన్యాకు నిజంగానే చెడ్డ కాలం. దంతాల కోసం ఏనుగుల్ని చంపే ముఠాలు ఆటోమేటిక్ తుపాకులతో తిరిగేవి. అదే తుపాకులతో, వీలు చిక్కితే పర్యాటకుల బండ్లనూ ఆపేవి. జాయ్ భర్త జార్జ్ ఆడమ్సన్ 1989 ఆగస్టు 20న కోరా దగ్గర బందిపోట్ల చేతిలో చనిపోయాడు. తన దగ్గరికి వచ్చిన అతిథిని ఆ ముఠా పట్టుకుందని తెలిసి, ఎనభై మూడేళ్ళ వయసులో పాత ల్యాండ్‌రోవర్ నేరుగా వాళ్ళ మీదికే తోలాడు. ఆ ఏడాది ఏప్రిల్లోనే వన్యప్రాణి శాఖ పగ్గాలు రిచర్డ్ లీకీకి ఇచ్చారు. పట్టుకున్న 12 టన్నుల దంతాలను జులైలో తగలబెట్టించిన వ్యక్తి ఆయనే. రేంజర్లకు మంచి తుపాకులు, బండ్లు, జీతాలు ఇప్పించాడు. వేటగాళ్ళు కనిపిస్తే కాల్చేయమన్న ఆదేశం మీద అప్పుడూ ఇప్పుడూ విమర్శలున్నాయి. కానీ ఏనుగుల కోసం పెట్టిన ఆ కాపలా పర్యాటకులకూ పనికొచ్చింది.

పార్కు లోపల దోపిడీలు తక్కువ కావడానికి తుపాకుల కాపలా ఒక్కటే కారణం కాదు. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, బండి నంబరు, ఎక్కడ బస అన్నదీ రాస్తారు. చీకటి పడేలోగా బయటికి రావాలి, లేదా లోపలి క్యాంపుకు చేరాలి. ఆ వేళకు రాని బండి కోసం రేంజర్లు బయల్దేరతారు. కంచె లేని క్యాంపుల్లో టెంటుకు తాళం ఉండదు, గుడ్డకు జిప్ ఉంటుంది అంతే. రాత్రి భోజనం అయ్యాక ఒంటరిగా టెంటుకు నడవనివ్వరు. అస్కారి అనే కాపలాదారు ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఈటె పట్టుకుని ముందు నడుస్తాడు, దారి పక్క నీటిగుర్రం మేస్తుంటే ఆపేస్తాడు. ఆ ఈటె జంతువుల కోసమే, నిజమే. కానీ ముక్కూముఖం తెలియని మనిషి అర్ధరాత్రి ఆ చీకట్లో నడిచొచ్చి దొంగతనం చేసి తిరిగి ప్రాణాలతో పోవడం కూడా అంత తేలిక కాదు. జంతువులే కాపలా అనుకోవచ్చు.

చుట్టుపక్కల ఊళ్ళకు పర్యాటకం మీద దక్కే వాటా ఇంకో కారణం. మసాయి మారా అభయారణ్యం చుట్టూ ఉన్న కన్సర్వెన్సీల్లో భూమి మసాయిలది. క్యాంపులు వాళ్ళకు నెలనెలా అద్దె కడతాయి. రువాండాలో పార్కుల ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల గ్రామాలకు పోతుంది, 2017కు ముందు అది 5 శాతమే. అద్దె అందే ఊళ్ళో కొత్త మొహాలు తిరిగితే పోలీసుల కంటే ముందు ఊరివాళ్ళే ఆరా తీస్తారు. వాటా అందనిచోట, భూమి గొడవ ఉన్నచోట పరిస్థితి వేరు. 2017లో కెన్యాలోని లైకిపియాలో కరువొచ్చింది, పైగా ఎన్నికల ఏడాది. పశువుల మేత కోసం కాపరులు తుపాకులతో పెద్ద పెద్ద ప్రైవేటు రాంచ్‌లలోకి చొరబడ్డారు. ఆ మార్చిలో, సఫారీ వ్యాపారం కూడా చేస్తున్న ఒక రాంచ్ యజమానిని చంపేశారు. ఏప్రిల్లో రచయిత్రి కూకీ గాల్‌మన్ తుపాకీ గుండు తగిలి కొద్దిలో బతికింది. దాడి చేసినవాళ్ళ గురి పర్యాటకుల మీద లేదు. కానీ రాంచ్ వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్న అతిథికి ఆ తేడా చెప్పి ఏం లాభం?

ఇక పర్యాటకుల మీదే గురిపెట్టిన దాడులు. వీటిని ఒక పటం మీద పెడితే అన్నీ సరిహద్దు గీతల వెంటే పడతాయి.

1999 మార్చి 1 తెల్లవారుజామున ఉగాండాలోని బ్విండి అడవి అంచున బుహోమా క్యాంపుల మీద, కాంగో వైపు నుంచి వందమందికి పైగా సాయుధులు విరుచుకుపడ్డారు. 1994లో రువాండాలో మారణహోమం చేసి పారిపోయిన ఇంటెరహామ్వే ముఠా వాళ్ళే. గొరిల్లాలను చూడడానికి వచ్చినవాళ్ళను నిద్ర లేపి, పాస్‌పోర్టులు, భాషలు చూసి ఏరారు. కొత్త రువాండా ప్రభుత్వానికి అమెరికా, బ్రిటన్ అండగా ఉన్నాయన్న కసి అది. బందీల్లో ఉన్న ఫ్రెంచ్ దౌత్యవేత్త మాట్లాడి కొందరిని విడిపించుకోగలిగింది. మిగిలినవాళ్ళను కొండల్లోకి నడిపించారు. ఎనిమిది మంది విదేశీ పర్యాటకులను కత్తులతో, దుడ్డుకర్రలతో చంపారు. క్యాంపు దగ్గర అడ్డుపడ్డ ఉగాండా వార్డెన్‌ను అంతకుముందే చంపేశారు. ఆ తర్వాత నుంచి గొరిల్లా బృందాల వెంట సాయుధులు నడుస్తున్నారు. బ్విండిలో పర్యాటకుల మీద అలాంటి దాడి మళ్ళీ జరగలేదు. ఇప్పుడు 800 డాలర్ల పర్మిట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు ఆ తుపాకీని చూసి కంగారుపడుతుంటారు. దాని కథ ఇది.

2011 సెప్టెంబరులో సోమాలియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కీవాయు తీరంలోని లాడ్జిలో ఒక బ్రిటిష్ భర్తను కాల్చి చంపి, భార్యను పడవలో ఎత్తుకుపోయారు. డబ్బు చెల్లించాక మరుసటి మార్చిలో వదిలారు. నెల తిరక్కుండానే లాము పక్కన మండా దీవి నుంచి ఒక ఫ్రెంచ్ మహిళను ఎత్తుకెళ్ళారు, ఆమె బందీగానే చనిపోయింది. ఆ అక్టోబరులో కెన్యా సైన్యం సోమాలియాలోకి అడుగుపెట్టడానికి ప్రభుత్వం చూపిన కారణాల్లో ఈ కిడ్నాప్‌లూ ఉన్నాయి. 2018 మేలో కాంగోలోని విరుంగాలో ఇద్దరు బ్రిటిష్ పర్యాటకులను పట్టుకుని రెండు రోజుల్లో వదిలేశారు. వాళ్ళకు కాపలాగా వెళ్ళిన పాతికేళ్ళ మహిళా రేంజరు అక్కడికక్కడే చనిపోయింది. 2019 మే 1న బెనిన్‌లోని పెంజారీ పార్కులో ఇద్దరు ఫ్రెంచ్ పర్యాటకులు మాయమయ్యారు. వాళ్ళ గైడు శవం పార్కులో దొరికింది. బుర్కినా ఫాసోలో వాళ్ళను విడిపించబోయి ఇద్దరు ఫ్రెంచ్ కమాండోలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2023 అక్టోబరు 17న ఉగాండా క్వీన్ ఎలిజబెత్ పార్కులో పెళ్ళయిన కొత్తలో వచ్చిన జంటనూ, వాళ్ళ గైడునూ చంపి బండి తగలబెట్టారు. చేసింది ఐసిస్‌తో చేతులు కలిపిన ఏడీఎఫ్ ముఠా. అంతకు నాలుగు నెలల ముందే అదే జిల్లాలోని ఎంపోండ్వేలో ఆ ముఠా ఒక బడి మీద పడి 40 మందికి పైగా చంపింది. చనిపోయింది ఎక్కువగా విద్యార్థులే.

ఈ వరసలో వార్డెన్, రేంజరు, గైడు, గైడు అని మళ్ళీ మళ్ళీ వచ్చాయి. సఫారీల్లో హింస గురించి రాసేవాటిలో ఎప్పుడూ రెండో పేరాకో మూడో పేరాకో జారిపోయే మనుషులు వీళ్ళు. విరుంగా ఒక్కచోటే ఇంతవరకు 200 మందికి పైగా రేంజర్లు చనిపోయారు. 2020 ఏప్రిల్లో ఒక్క దాడిలోనే 12 మంది పోయారు. క్రూగర్ పక్కనున్న టింబావటిలో ఖడ్గమృగాల వేటగాళ్ళకు లొంగని ముఖ్య రేంజరు ఆంటన్ ఎంజింబాను 2022 జులైలో ఇంటి ముందే కాల్చేశారు. పర్యాటకుడు వారం ఉండి వెళ్ళిపోతాడు. అతన్ని తిప్పిన మనిషి ఏడాదంతా అదే సరిహద్దు మీద, అదే దారిలో ఉంటాడు. "పర్యాటకులకు భద్రత ఉందా" అన్న ప్రశ్నలోనే నాకొక వెలితి కనిపిస్తుంది. ఆ భద్రతకు వెల కట్టేది ఎవరో అందులో ఉండదు.

సరిహద్దులు వదిలేస్తే మిగిలేది మామూలు నేరం, అది ఎక్కువగా జరిగేది పార్కుకు చేరే దారిలో. 2022 అక్టోబరు 3న క్రూగర్‌లోని నుంబి గేటుకు వెళ్ళే రోడ్డు మీద నలుగురు జర్మన్ల వ్యానుకు ఒక కారు అడ్డుపడింది. తుపాకులతో దిగినవాళ్ళు తలుపులు తెరవమన్నారు. నడుపుతున్నాయన తాళాలు బిగించాడు. అద్దంలోంచి కాల్చారు. వ్యాను వెనక్కి దూసుకెళ్ళి ఒక బడి గోడకు గుద్దుకుంది. గేటు చాలా దగ్గరే. ఆ దారిలో అంతకుముందే దోపిడీలు జరుగుతున్నాయని స్థానికులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఫబేనీ లాంటి వేరే గేట్ల నుంచి రమ్మన్న సలహాలు మొదలయ్యాయి, పోలీసు గస్తీ పెరిగింది. కేప్ టౌన్‌లో మ్యాప్ చూపించిన దగ్గరి దారి పట్టుకుని న్యాంగలోకి వెళ్ళిన విదేశీయుల మీద కాల్పులు జరిగాయి. దాంతో 2023లో ప్రభుత్వం ఆ దారులు చూపవద్దని గూగుల్‌తో మాట్లాడాల్సి వచ్చింది. జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచి బండి వెంటబడి వచ్చి హోటల్ గేటు దగ్గర దోచుకునే ముఠాలున్నాయి. పోలీసు లైట్లు పెట్టుకుని ఆపే నకిలీ పోలీసులున్నారు. దార్ ఎస్ సలామ్‌లో మాటలు కలిపి టాక్సీ ఎక్కించుకుని, ఏటీఎంల చుట్టూ తిప్పి కార్డు ఖాళీ చేయించే రకం నేరం పాతదే. నైరోబీలో వెస్ట్‌గేట్ మాల్ మీద 2013లో జరిగిన దాడిలో 67 మంది చనిపోయారు, వాళ్ళలో భారతీయులూ ఉన్నారు. ఇవేవీ అడవిలో జరిగినవి కావు.

ఎన్నికల కాలం గురించి ఒక్క ముక్క. 2007 చివర్లో కెన్యా ఎన్నికల తర్వాత వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్ళు వదిలారు. పార్కుల్లో పర్యాటకులకు దాదాపు ఏమీ కాలేదు, మారాలోని క్యాంపులు మాత్రం నెలల తరబడి ఖాళీగా పడున్నాయి. 2025 అక్టోబరులో టాంజానియా ఎన్నికలప్పుడు దార్ ఎస్ సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. సెరెంగెటిలో ఉన్నవాళ్ళకు వచ్చిన కష్టం ఇంటికి ఫోన్ చేయలేకపోవడం, విమానాల తికమక. ఆయా దేశాల ఎన్నికల తేదీ చూసుకుని టికెట్ కొనుక్కోవడం తేలికైన పని.

ఇంకో రకం నేరం ఉంది, దాన్ని ఏ దేశం ఖాతాలో వెయ్యాలో నాకు తెలియదు. 2016లో జాంబియాలోని కఫూ పార్కుకు వేట సఫారీకి వచ్చిన ఒక అమెరికన్ దంతవైద్యుడి భార్య తుపాకీ గుండుకు బలైంది. సామాన్లు సర్దుతుంటే పొరపాటున పేలిందన్నాడు. రోజుల్లోనే అక్కడే దహనం చేయించాడు, దాదాపు 49 లక్షల డాలర్ల బీమా తీసుకున్నాడు. అమెరికాలో కేసు నడిచి 2022లో దోషిగా తేలాడు, యావజ్జీవం పడింది. క్యాబిన్‌లో ఉన్నది ఆ ఇద్దరే.

ఇంత చెప్పాక అసలు ప్రాణాలు తీసేదేమిటో చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. జంతువులు కాదు. దక్షిణాఫ్రికాలో 1988 నుంచి పదేళ్ళ వార్తలు వెదికిన ఒక అధ్యయనంలో అడవి జంతువుల వల్ల చనిపోయిన పర్యాటకులు ఏడుగురు. దోపిడీదారులూ కాదు. రోడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆఫ్రికా ప్రాంతంలో రోడ్డు మరణాలు లక్షకు 26.6, ఐరోపాలో 9.3. 2025 జూన్‌లో కతార్ నుంచి కెన్యా చూడడానికి వచ్చిన భారతీయుల బస్సు లోయలో పడింది. చనిపోయినవాళ్ళలో మలయాళీ కుటుంబాలున్నాయి. అదే ఏడాది అక్టోబరులో డయానీ తీరం నుంచి మారాకు బయల్దేరిన చిన్న విమానం కూలి 11 మంది పోయారు. కిడ్నాప్ అయితే ప్రపంచమంతా తెలిసేది. బస్సు పడితే రెండు రోజుల వార్త.

బ్రిటన్ విదేశాంగ శాఖ తన పౌరులకు పటం గీసి మరీ చెబుతుంది, సోమాలియా సరిహద్దు దగ్గరి కెన్యా ప్రాంతాలకు తప్పనిసరైతే తప్ప వెళ్ళొద్దని. మారా, అంబోసెలి ఆ గీతకు చాలా దూరం. మన విదేశాంగ శాఖ ఎక్కువగా ఏదైనా జరిగినప్పుడు అడ్వైజరీ ఇస్తుంది. కాబట్టి ఆ బ్రిటిష్ పటాన్ని మనవాళ్ళూ ఉచితంగా చూసుకోవచ్చు. దేశం పేరు పక్కనున్న హెచ్చరికను కాదు, పటాన్నే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏజెన్సీకి అడ్వాన్సు కట్టేముందు మనవాళ్ళు అడిగేవి ఎక్కువగా శాకాహార భోజనం దొరుకుతుందా, ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలో వేయించుకోవాలా అన్నవి. రెండూ అడగాల్సినవే. వాటితో పాటు ఇవి కూడా. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద తీసుకెళ్తారా, విల్సన్ విమానాశ్రయం నుంచి విమానంలోనా? రోడ్డు మీదైతే చీకటి పడ్డాక ఎక్కడైనా ప్రయాణం ఉందా? బీమాలో కిడ్నాప్, ఉగ్రవాద దాడి మినహాయింపులున్నాయా? గాయపడితే విమానంలో నైరోబీ చేర్చే ఆమ్రెఫ్ లాంటి ఫ్లయింగ్ డాక్టర్ల సభ్యత్వం ప్యాకేజీలో ఉందా? గైడుకు కెన్యా గైడ్ల సంఘం ఇచ్చే కంచు, వెండి, బంగారు బ్యాడ్జీల్లో ఏది ఉంది? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే ఏజెన్సీకి అడ్వాన్సు ఇవ్వొచ్చు. ఇంకొకటి, డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు నడుపుతాడు, రాత్రి పడుకోవడానికి అతనికి క్యాంపులో మంచం ఇస్తారా లేక బండిలోనేనా? బేరమాడి తగ్గించిన ప్యాకేజీల్లో మొదట కోత పడేది ఆ మంచానికే.